పడకగదిలో తయారైన క్యాసెట్టు: నమ్మకమూ, రుజువూ

కళ విషయం వచ్చేసరికి మనలో చాలామంది, హేతువాదులమని చెప్పుకునేవాళ్ళు కూడా, హేతువును చెప్పులతో పాటు గుమ్మం బయట వదిలేస్తారు. జ్వరం తగ్గితే ఏ మందు పనిచేసిందని అడిగే మనిషే, మంచి పాట వింటే "దైవదత్తం" అంటాడు. "ఆత్మ పలికింది" అంటాడు. ఆ పాట వెనకాల ఎంత చదువుంది, ఎంత డబ్బుంది, ఏ యంత్రముంది, ఎన్ని విఫల ప్రయత్నాలున్నాయి అని అడగడు. అడిగితే పాట విలువ తగ్గిపోతుందని భయం. తగ్గదని నా అభిప్రాయం. అభిప్రాయం చెప్పి ఊరుకోకుండా ఒక ఉదాహరణతో చూపిస్తాను.

ఉదాహరణ అమెరికా గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1982లో విడుదల చేసిన 'నెబ్రాస్కా' అనే ఆల్బం. అందులో 10 పాటలున్నాయి, మొత్తం సుమారు 41 నిమిషాలు. రాసింది, పాడింది, వాయించింది ఒక్కడే. రికార్డు చేసింది స్టూడియోలో కాదు, అద్దె ఇంట్లో పడకగదిలో, మామూలు క్యాసెట్టు మీద. జానపద పద్ధతిలో గిటారు, నోటితో ఊదే హార్మోనికా, ఒక గొంతు. ఎక్కువ భాగం ఇవే. ఇంట్లో చేసుకున్న రికార్డింగుల చరిత్ర ఎవరు రాసినా ఈ పేరు లేకుండా రాయరు.

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో పుట్టి, బి.కాం. చదివి, రక్షణ శాఖ ఖాతాల కార్యాలయాల్లో జీవితమంతా వోచర్లు తనిఖీ చేసిన మనిషికి ఈ అమెరికా పాటలతో ఏం పని అని మీరు అడగవచ్చు. రెండు కారణాలున్నాయి. మొదటిది మా మేనల్లుడు. 2025 అక్టోబరులో ఈ ఆల్బం తయారీ మీద ఒక సినిమా వచ్చింది. అది చూసి వచ్చి వాడు నాతో వాదనకు దిగాడు.

"మావయ్యా, ఆయన గదిలో కూర్చున్నాడు, పాట దిగింది. దీనికి నీ లెక్కలు పనికిరావు."

"దిగడానికి అదేమైనా మెయిలు బండిరా? ఏ స్టేషన్‌లో ఎక్కి దిగిందో చెప్పు."

వాడు నవ్వి ఊరుకున్నాడు. నేను ఊరుకోలేదు. దొరికినవన్నీ చదివాను, విన్నాను. రెండో కారణం మా కాలనీకి సంబంధించింది. అది వ్యాసం చివర్లో చెబుతాను.

ఖర్చు తగ్గించుకోవడానికి కొన్న యంత్రం

స్ప్రింగ్‌స్టీన్ 1949లో న్యూజెర్సీ రాష్ట్రంలో పుట్టాడు. తండ్రి తివాచీల మిల్లులోనూ, బస్సు డ్రైవరుగానూ, ఇంకా దొరికిన పనుల్లోనూ బతుకు ఈడ్చిన మనిషి. తల్లి లాయర్ల ఆఫీసులో సెక్రటరీ. 1980 అక్టోబరులో స్ప్రింగ్‌స్టీన్ తన బ్యాండుతో విడుదల చేసిన 'ది రివర్' అమెరికా అమ్మకాల జాబితాలో మొదటి స్థానానికి చేరింది. అంటే నెబ్రాస్కా నాటికి ఆయన దిక్కులేని అనామకుడు కాదు. డబ్బూ పేరూ ఉన్నవాడు. పేదవాడు గనక చవకగా చేశాడనే కథ ఇక్కడే పడిపోతుంది.

మరి ఇంట్లో ఎందుకు చేశాడు? 'ది రివర్' తయారీకి స్టూడియోలో ఏడాదికి పైగా పట్టింది. స్టూడియో అంటే గంటల లెక్కన అద్దె. పాట రాసి, బ్యాండుకి నేర్పి, వాయించి చూసి, బాగాలేదని పారేసి, మళ్ళీ రాసి, ఇదంతా అద్దె మీటరు తిరుగుతుండగా జరిగేది. ముందు ఇంట్లో పాటను పరీక్షించుకుని, పనికొస్తుందనుకున్నదాన్నే స్టూడియోకి తీసుకెళితే ఆ ఖర్చూ కాలమూ మిగులుతాయి కదా? ఇదీ ఆలోచన. మా శాఖలో దీన్ని వ్యయ నియంత్రణ అంటారు. ఆత్మ పలకడానికి ముందు అకౌంటు పుస్తకం పలికింది.

ఆయన దగ్గర గిటార్లు చూసే సాంకేతిక సహాయకుడు మైక్ బాట్లన్ ఒక యంత్రం కొని తెచ్చాడు. దాని పేరు టియాక్ 144 పోర్టాస్టూడియో. జపాను కంపెనీ 1979లో మార్కెట్లోకి తెచ్చింది. ధర సుమారు వెయ్యి డాలర్లు. దీని ప్రత్యేకత ఏమిటో కొంచెం వివరంగా చెప్పాలి. ఎందుకంటే అసలు చరిత్ర ఇక్కడే ఉంది.

మనం వాడిన మామూలు క్యాసెట్టు గుర్తుందా? టేపు వెడల్పు 4 మిల్లీమీటర్లు కూడా ఉండదు. ఆ వెడల్పు మీద నాలుగు సన్నటి చారలుంటాయి. ఒక పక్క పాడేటప్పుడు రెండు, తిప్పి పెడితే మిగతా రెండు. అందుకే క్యాసెట్టుకి 'ఎ' సైడు, 'బి' సైడు. పోర్టాస్టూడియో తయారుచేసినవాళ్ళు ఆ నాలుగు చారల్నీ ఒకే దిశలో వాడుకున్నారు. తిప్పి పెట్టే పని లేదు. టేపును రెట్టింపు వేగంతో నడిపారు, ధ్వని నాణ్యత పెరగడానికి. ఫలితం ఏమిటి? ఒక చార మీద గొంతు, ఒక చార మీద గిటారు రికార్డు చేసి, వాటిని వింటూ మూడో చార మీద రెండో గొంతు, నాలుగో చార మీద ఇంకో వాయిద్యం చేర్చవచ్చు. ఒక మనిషి నలుగురవుతాడు.

బీటిల్స్ బృందం 1967లో 'సార్జెంట్ పెప్పర్' చేసింది నాలుగు ట్రాకుల యంత్రాల మీదే. అప్పుడు అలాంటి సదుపాయం లండన్‌లో పెద్ద స్టూడియోలో ఉండేది, తెల్లకోట్లు తొడుక్కున్న ఇంజనీర్ల ఆధీనంలో. పన్నెండేళ్ళలో అదే సూత్రం బల్ల మీద పట్టే పెట్టెలోకి వచ్చింది. ధ్వని నాణ్యతలో రెండూ ఒకటి కావు. కానీ చేయగలిగే పని ఒకటే. ఈ పన్నెండేళ్ళ ఇంజనీరింగు లేకపోతే నెబ్రాస్కా లేదు. ప్రతిభ ఎంత ఉన్నా లేదు.

న్యూజెర్సీలో కోల్ట్స్ నెక్ అనే ఊళ్ళో అద్దె ఇల్లు. రెండు మైకులు. 1982 జనవరి 3న ఎక్కువ పాటలు రికార్డయ్యాయి. ఆ నాలుగు చారల్నీ కలిపి ఇంకో క్యాసెట్టు మీదకి ఎక్కించారు. దానికి వాడింది చేత్తో పట్టుకు తిరిగే పానసోనిక్ టేప్‌రికార్డరు. మధ్యలో ఎకోప్లెక్స్ అనే ప్రతిధ్వని యంత్రం పెట్టారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. ఈ ఆల్బంలో గొంతు ఖాళీ హాల్లోంచి వస్తున్నట్టు వినిపిస్తుంది. "ఏ కల్తీ లేని సహజ ధ్వని" అని దాన్ని మెచ్చుకునేవాళ్ళున్నారు. ఆ ఖాళీ హాలు యంత్రం తయారుచేసింది. అది తెలిసి విన్నా నాకు గొంతు అలాగే వినిపించింది, ఒంటరిగానే.

ఆ క్యాసెట్టును స్ప్రింగ్‌స్టీన్ తన మేనేజరు జాన్ లాండౌకి పంపాడు. వట్టి క్యాసెట్టు కాదు, ఒక్కో పాట గురించి చేత్తో రాసిన వివరణ కూడా జతచేశాడు. ఆడిట్ చేసినవాడిగా నాకు ఇది ఎంతో నచ్చింది. వస్తువుతో పాటు కాగితం పంపాడు.

పాటలు ఎక్కడినుంచి వచ్చాయి

మా మేనల్లుడి ప్రశ్నకి జవాబు ఇప్పుడు చెప్పవచ్చు. పాటలు ఎక్కిన స్టేషన్ల పేర్లు తెలుసు.

మొదటి స్టేషను పుస్తకాలు. 1980లో వచ్చిన వుడీ గత్రీ జీవిత చరిత్రను ఆయన చదివాడు. గత్రీ 1930ల కరువులో వలసపోయిన రైతుల మీద పాటలు కట్టి, గిటారుతో ఒంటరిగా పాడిన జానపద గాయకుడు. ఫ్లానరీ ఓకానర్ అనే రచయిత్రి కథలు చదివాడు. దక్షిణాది పల్లెల్లో హింస, మతం, మనుషుల మొండితనం గురించిన కథలవి.

రెండో స్టేషను సినిమా, వార్తలు. టెరెన్స్ మాలిక్ 1973లో తీసిన 'బ్యాడ్‌లాండ్స్' చూశాడు. దానికి మూలం 1958 జనవరిలో నెబ్రాస్కా, వయోమింగ్ రాష్ట్రాల్లో చార్లెస్ స్టార్క్‌వెదర్ అనే పందొమ్మిదేళ్ళ కుర్రాడు చేసిన వరస హత్యలు. 1957 చివర్లో చేసిన ఒకటి కూడా కలిపితే మొత్తం 11 మంది. 1959లో అతనికి మరణశిక్ష అమలు చేశారు. పాట రాసేముందు స్ప్రింగ్‌స్టీన్ ఆ కేసు మీద పుస్తకం రాసిన విలేకరికి ఫోను చేసి మాట్లాడాడు. దిగివచ్చే పాటకి ఫోను చేసి విచారించాల్సిన పనేముంది?

మూడో స్టేషను చుట్టూ ఉన్న కాలం. న్యూజెర్సీలో మావా అనే ఊళ్ళో ఫోర్డు కంపెనీ కార్ల ఫ్యాక్టరీ 1980లో మూతపడింది. 'జానీ 99' అనే పాటలో ఆ ఫ్యాక్టరీలో పని పోయిన కార్మికుడు తాగి ఒక గుమాస్తాను కాల్చేస్తాడు. జడ్జి 99 ఏళ్ళ శిక్ష వేస్తాడు. కోర్టులో అతను తాను నిర్దోషినని అనడు. తీర్చలేని అప్పులున్నాయనీ, ఇంటిని బ్యాంకు లాక్కోబోతోందనీ చెబుతాడు. చేసిన నేరానికి అవే మొత్తం కారణాలని కూడా అనడు. 'అట్లాంటిక్ సిటీ' పాటలోనూ అప్పుల్లో మునిగిన మనిషే. ఆ ఊళ్ళో 1978లో జూదశాలలు మొదలయ్యాయి, వాటి వెంట ముఠాలు. 1982 చివరికి అమెరికాలో నిరుద్యోగం 10.8 శాతానికి చేరింది. ఆల్బం ఆ సెప్టెంబరులో వచ్చింది.

నాలుగో స్టేషను సొంత ఇల్లు. సెకండ్‌హ్యాండు కారు కొంటున్న తండ్రిని చూసే పిల్లవాడు ఒక పాటలో ఉన్నాడు. గుట్ట మీది పెద్ద మేడని తండ్రితో కలిసి దూరంనుంచి చూసే పిల్లవాడు ఇంకో పాటలో ఉన్నాడు. తండ్రి మానసిక వ్యాధి గురించి, తనకు ఆ రోజుల్లోనే వచ్చిన తీవ్రమైన కుంగుబాటు గురించి, దానికి డాక్టర్ల దగ్గర చికిత్స తీసుకోవడం గురించి స్ప్రింగ్‌స్టీన్ 2016లో వచ్చిన ఆత్మకథలో దాచకుండా రాశాడు. కుంగుబాటుకి తాయెత్తు కట్టించుకోలేదు. చికిత్స తీసుకున్నాడు. మన పాఠకులు ఇది గమనించాలి.

ఇన్ని కారణాలు చెప్పాక పాట చిన్నదైపోయిందా? నాకైతే పెద్దదైంది. ఇవన్నీ అప్పుడు లక్షలమంది కళ్ళముందు ఉన్నవే. వాటిని ఈ పది పాటలుగా కట్టినవాడు ఒక్కడు. అది ప్రతిభ. ప్రతిభకి కారణాలుండటం ప్రతిభకి అవమానం కాదు.

బ్యాండుతో పరీక్ష

క్యాసెట్టు చేసిన ఉద్దేశం ఆల్బంగా అమ్మడం కాదని పైన చెప్పాను. అది చిత్తుప్రతి. 1982 వసంతంలో న్యూయార్కులోని పవర్ స్టేషన్ స్టూడియోలో తన ఇ స్ట్రీట్ బ్యాండుతో ఆ పాటల్ని మళ్ళీ చేయడం మొదలుపెట్టాడు. కొన్ని పాటలు బ్యాండుతో బ్రహ్మాండంగా కుదిరాయి. వాటిలో ఒకటి 'బార్న్ ఇన్ ది యు.ఎస్.ఎ.' అది కూడా మొదట ఆ పడకగది క్యాసెట్టులోదే. మిగతావి కుదరలేదు. డ్రమ్ములు చేరితే పాటలోని మనిషి వినిపించడం మానేశాడు. ఒంటరిగానే, మంచి స్టూడియో పరికరాలతో మళ్ళీ పాడి చూశాడు. అదీ నచ్చలేదు. చివరికి, పెట్టె కూడా లేకుండా జేబులో వేసుకుని తిరిగిన ఆ క్యాసెట్టునే ఆల్బంగా విడుదల చేయాలని నిర్ణయం జరిగింది.

దీన్ని కొందరు "కళాకారుడి అంతర్వాణి" అంటారు. నేను పరీక్ష అంటాను. ఒకే పాటని మూడు పద్ధతుల్లో చేసి, పక్కపక్కన పెట్టి విని, ఉత్తమమైనదాన్ని ఉంచుకున్నాడు. ఖరీదైనది మంచిదనే నమ్మకాన్ని పరీక్షించాడు, అది నిలవలేదు. చవకైనది ఎప్పుడూ మంచిదనే నమ్మకం కూడా నిలవలేదు, ఎందుకంటే కొన్ని పాటలు బ్యాండుతోనే బాగా వచ్చాయి.

నిర్ణయం తరవాత అసలు కష్టం మొదలైంది. క్యాసెట్టు మీద ధ్వని తక్కువ స్థాయిలో ఉంది, టేపు బుసబుస ఎక్కువ. దాన్నుంచి గ్రామఫోను రికార్డు కోయడానికి ఇంజనీర్లు ఒకచోట కాదు, పలుచోట్ల ప్రయత్నించారు. కుదరకపోతే ఆల్బంని క్యాసెట్టు రూపంలో మాత్రమే అమ్ముదామా అని కూడా ఆలోచించారు. చివరికి అట్లాంటిక్ స్టూడియోలో సాధ్యమైంది. "ఒక మనిషి, ఒక గిటారు" అని మనం చెప్పుకునే వస్తువు వెనక ఇంతమంది జీతగాళ్ళ చెమట ఉంది.

ప్రచార యాత్ర లేదు. అయినా ఆల్బం అమెరికాలో 3వ స్థానం దాకా వెళ్ళింది. జానీ కాష్ అంతటి పెద్ద గాయకుడు 1983లో ఇందులోవి రెండు పాటలు పాడి, తన ఆల్బంకి 'జానీ 99' అని పేరు పెట్టుకున్నాడు. 1984లో 'బార్న్ ఇన్ ది యు.ఎస్.ఎ.' బ్యాండు మోతతో వచ్చి దేశమంతా మారుమోగింది. ఆ పాట వియత్నాం యుద్ధంనుంచి తిరిగొచ్చి పని దొరకని సైనికుడి గోడు. చాలామంది దాన్ని దేశభక్తి గీతం అనుకున్నారు. ఆ సెప్టెంబరులో అధ్యక్షుడు రీగన్ న్యూజెర్సీ ఎన్నికల సభలో స్ప్రింగ్‌స్టీన్ పాటల్లోని ఆశాభావాన్ని పొగిడాడు. రెండు రోజుల తరవాత పిట్స్‌బర్గ్ కచేరీలో స్ప్రింగ్‌స్టీన్, అధ్యక్షుడికి నచ్చిన నా ఆల్బం ఏదై ఉంటుందా అని ఆలోచించాననీ, అది నెబ్రాస్కా అయ్యుండదనీ చెప్పి 'జానీ 99' పాడాడు. మోతలో పోగొట్టుకున్న అర్థాన్ని ఆ మెల్లటి పాట వెనక్కి తెచ్చింది.

నలభై మూడేళ్ళ వాదం

ఇప్పుడు నన్ను ఈ వ్యాసం రాయించిన అసలు సంగతికి వస్తాను. బ్యాండుతో చేసిన ఆ రికార్డింగులు ఏమయ్యాయి? అభిమానులు దానికి 'ఎలక్ట్రిక్ నెబ్రాస్కా' అని పేరు పెట్టి దశాబ్దాలు వాదించుకున్నారు. 2010లో బ్యాండు డ్రమ్మరు మాక్స్ వైన్‌బర్గ్ ఆల్బం మొత్తం బ్యాండుతో రికార్డు చేశామని ఒక పత్రికకి చెప్పాడు. 2025లో స్ప్రింగ్‌స్టీన్‌ని ఒక విలేకరి అడిగితే అలాంటిదేదీ లేదన్నాడు. ఇద్దరూ ఆ గదిలో ఉన్నవాళ్ళే. ఇద్దరూ ప్రత్యక్ష సాక్షులే. ఒకరు "అంతా ఉంది" అన్నారు, ఒకరు "ఏమీ లేదు" అన్నారు. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు.

మనం ఎవరిని నమ్మాలి? భక్తుడైతే గురువు మాట నమ్ముతాడు. పాట కట్టినవాడికన్నా ఎవరికి తెలుస్తుంది అంటాడు. కానీ తరవాత ఏం జరిగింది? స్ప్రింగ్‌స్టీనే గిడ్డంగిలో వెతికించాడు. టేపులు దొరికాయి. ఆల్బంలోని పాటలన్నీ లేవు, కొన్ని ఉన్నాయి. ఉన్నాయని ఆయనే ఆ విలేకరికి తెలియజేశాడు. 2025 అక్టోబరులో అవి విడుదలయ్యాయి. డ్రమ్మరు జ్ఞాపకం ఒకవైపు తప్పింది, గాయకుడి జ్ఞాపకం ఇంకోవైపు తప్పింది. పెట్టె మధ్యలో నిలబడి నిజం చెప్పింది.

మా ఉద్యోగంలో దీన్ని ఏటా చూసేవాళ్ళం. స్టోరు గుమాస్తా "అన్నీ ఉన్నాయి సార్" అనేవాడు. సూపర్‌వైజరు "ఎప్పుడో ఖర్చయిపోయాయి" అనేవాడు. తాళం తీసి లెక్కపెడితే మూడో సంఖ్య వచ్చేది. ఇద్దరూ నిజాయితీపరులే. జ్ఞాపకం మోసం చేయకుండానే తప్పు చెబుతుంది. మత గ్రంథాల్లోని అద్భుతాలకి ప్రత్యక్ష సాక్షులున్నారని వాదించేవాళ్ళకి ఈ ఉదాహరణ చెప్పండి. రెండువేల ఏళ్ళు అక్కర్లేదు, నలభై మూడేళ్ళు చాలు. చూసినవాళ్ళు అక్కర్లేదు, చేసినవాళ్ళే చాలు.

ఇంకొక మాట. బ్యాండు రూపం ఆ పాటలకి పనికిరాదని నలభై మూడేళ్ళపాటు మనం ఆయన మాట మీద ఒప్పుకున్నాం. ఇప్పుడు రెండూ విని ఎవరికి వారు తేల్చుకోవచ్చు. నేను విన్నాను. ఆయన నిర్ణయం సరైందని నాకనిపించింది. మా మేనల్లుడికి ఒక పాట బ్యాండుతోనే బాగున్నట్టు అనిపించింది. ఇద్దరం వాదించుకోవడానికి ఇప్పుడు ఆధారం ఉంది.

చివరి పాట

ఆల్బంలో ఆఖరి పాట పేరు 'రీజన్ టు బిలీవ్'. నమ్మడానికి ఒక కారణం అని అర్థం. రోడ్డు పక్కన చచ్చిపడిన కుక్కని, అది లేచి పరుగెత్తుతుందేమో అన్నట్టు కర్రతో పొడుస్తూ నిలబడిన మనిషి అందులో ఉన్నాడు. వదిలిపోయిన మగవాడి కోసం రోజూ ఎదురుచూసే ఆడమనిషి ఉంది. ఏటి ఒడ్డున పెళ్ళికూతురు రాకపోయినా నిలబడ్డ పెళ్ళికొడుకున్నాడు. ఇంత జరిగినా మనుషులు నమ్మడానికి ఏదో ఒక కారణం వెతుక్కుంటారే అని గాయకుడు ఆశ్చర్యపోతాడు.

చాలామంది దీన్ని ఆశావాద గీతంగా విన్నారు. పాట ఉద్దేశం అది కాదని, ఈ ఆల్బంలోని చీకటి పాటల్లో ఇదొకటని స్ప్రింగ్‌స్టీన్ చెప్పాడు. ఆయన నాస్తిక ప్రచారకుడు కాదు. కాథలిక్ కుటుంబంలో పెరిగి ఆ భాషలోనే ఆలోచించిన మనిషి. ఆ పాట మతాన్ని తిట్టదు, నమ్మేవాళ్ళని వెక్కిరించదు. చచ్చిన కుక్క ముందు నిలబడ్డ మనిషిని మనకి చూపించి ఆగిపోతుంది. మన వైపు రచనల్లో వెక్కిరింత కాస్త ఎక్కువైందని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది. నమ్మేవాడి దుఃఖం తెలియకుండా నమ్మకాన్ని విమర్శించడం సగం పనే.

మా కాలనీలో పాటలు

రెండో కారణం చెబుతానన్నాను. ఖరగ్‌పూర్‌లో తెలుగువాళ్ళెందుకున్నారో బయటివాళ్ళకి తెలియదు. బెంగాల్ నాగపూర్ రైల్వే లైను ఖరగ్‌పూర్ నుంచి ఒడిశా మీదుగా వాల్తేరు దాకా ఉండేది. ఆ లైను మీదుగానే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం పల్లెలనుంచి మా తాతలు వర్కుషాపు పనికి వచ్చారు. మథురాకాటి, నిమ్‌పురా, ఓల్డ్ సెటిల్‌మెంట్ లైన్లలో తెలుగే వినిపించేది. 1927లో ఆ రైల్వే కార్మికులు ఇక్కడ పెద్ద సమ్మె చేశారు. తరవాత రాష్ట్రపతి అయిన వి.వి.గిరి ఆ సంఘం నాయకుల్లో ఒకరు. 1974 మే 8 నుంచి 27 దాకా దేశవ్యాప్త రైల్వే సమ్మె జరిగింది. ఈ తేదీలన్నీ చరిత్ర పుస్తకాల్లో ఉన్నాయి.

మా లైనులో మాకు చిన్నాన్న వరసయ్యే ఒక ఫిట్టరు ఉండేవాడు. డ్యూటీ దిగాక అరుగు మీద కూర్చుని సొంతంగా కట్టిన పాటలు పాడేవాడు. వర్కుషాపు సైరను మీద, ఊరినుంచి వచ్చే ఉత్తరాల మీద, సమ్మె ఇరవై రోజుల మీద. వాయిద్యం అంటే అగ్గిపెట్టె. జముకుల కథల బాణీలు, మధ్యలో హిందీ, బెంగాలీ మాటలు. 1974లో నాకు పద్నాలుగేళ్ళు. నాకు రెండు పల్లవులు గుర్తున్నాయి. మా అక్కకి అవే రెండు పల్లవులు వేరే మాటలతో గుర్తున్నాయి. ఎవరిది సరైందో తేల్చడానికి తెరిచి చూసే పెట్టె లేదు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది.

యంత్రాలు లేక కాదు. గౌహర్ జాన్ పాటని కలకత్తాలో 1902లోనే రికార్డు చేశారు. ఆ తరవాత డమ్‌డమ్‌లో రికార్డుల ఫ్యాక్టరీ వచ్చింది. ఖరగ్‌పూర్‌కి హౌరా 115 కిలోమీటర్లు. కానీ కంపెనీ రికార్డు చేసేది అమ్ముడుపోయే గొంతుని. అమెరికాలో లోమాక్స్ తండ్రీకొడుకులు 1933లో ప్రభుత్వ గ్రంథాలయం తరఫున కారులో బరువైన యంత్రం వేసుకుని జైళ్ళకీ పొలాలకీ వెళ్ళారు. వాళ్ళు వెళ్ళగలిగినచోటి పాటే మిగిలింది. మూడో దారి ఇంట్లోకి యంత్రం రావడం. అది మన దేశంలో 1970ల చివర్లో గల్ఫునుంచి వచ్చిన టేప్‌రికార్డర్లతోనూ, 1980లలో చవకైన క్యాసెట్లతోనూ మొదలైంది. మా చిన్నాన్న పాడిన ఏళ్ళలో మా లైనులో ఒక్క టేప్‌రికార్డరు కూడా లేదు.

ఆయన స్ప్రింగ్‌స్టీన్ అంతటివాడని నేననను. అనడానికి నా దగ్గర ఆధారం లేదు, కాదనడానికీ లేదు. అదే బాధ. విశాఖ షిప్‌యార్డులో ఫిట్టరుగా పనిచేసిన వంగపండు ప్రసాదరావు పాటలు వేదికలెక్కాయి, క్యాసెట్లకెక్కాయి. 2020లో ఆయన పోయినా అవి వినిపిస్తున్నాయి. పక్క రైల్వే కాలనీలో ఇంకో ఫిట్టరు కట్టిన పాటలు లేవు. ఈ తేడాకి విధి కారణం కాదు. సంఘం, వేదిక, యంత్రం, ఎవరో ఒకరి శ్రద్ధ. ఇవి కారణాలు.

ఇప్పుడు మిగిలింది ఏమిటి

మా కాలనీలో మూడో తరం, నాలుగో తరం పిల్లలకి తెలుగు ఇంటి భాష మాత్రమే. చాలామందికి చదవడం రాదు. ఎనభై దాటిన ముసలమ్మలు, తాతలు ఇంకా కొందరున్నారు. దంపుడు పాటలు, పెళ్ళి పాటలు, వెక్కిరింత పాటలు, సమ్మె పాటలు వాళ్ళ నోట్లో ఉన్నాయి. ప్రతి ఇంట్లో ఉన్న ఫోను ఆ వెయ్యి డాలర్ల పెట్టె కన్నా శుభ్రంగా రికార్డు చేస్తుంది. యంత్రం లేదనే సాకు చెల్లదు.

అందుకని ఖరగ్‌పూర్‌లోనే కాదు, ఏ ఊళ్ళో ఉన్న పాఠకులకైనా ఒక విన్నపం. ముందు వాళ్ళ అనుమతి అడగండి. టీవీ ఆపండి, ఫ్యాను ఆపండి. ఫోను వాళ్ళకి మూరెడు దూరంలో పెట్టండి. పాటకి ముందు వాళ్ళ పేరు, పుట్టిన ఊరు, ఈ పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారో వాళ్ళ నోటితోనే చెప్పించండి. మధ్యలో మరిచిపోతే అందించకండి, ఆ ఖాళీ కూడా సాక్ష్యమే. పాటలో నమ్మకాలుంటే, దేవుళ్ళుంటే కత్తిరించకండి. మన అభిప్రాయం మన వ్యాసాల్లో రాసుకుందాం. తరవాత రెండు ప్రతులు తీసి రెండు వేరువేరు ఇళ్ళలో ఉంచండి. ఒక కాగితం మీద ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అని రాసి జతచేయండి.

నెబ్రాస్కా పాటలు ఎక్కువ భాగం 1982 జనవరి 3న రికార్డయ్యాయని నలభై ఏళ్ళ తరవాత కూడా చెప్పగలుగుతున్నాం. మీ అమ్మమ్మ పాటకి కూడా తేదీ ఉండాలి. తేదీ వేయడం మరిచిపోవద్దు.